దొరకనిది, లేదు

“గూగుల్లో దొరకనిది లేదు.” ఈ మాట ఇవాళ మన కళాశాలల్లో సామెతలాగా చెలామణీ అవుతున్నది. చెప్పేవాళ్లు గమనించరు గాని ఈ వాక్యానికి రెండర్థాలున్నాయి. లోకంలో వున్నదంతా అక్కడ దొరుకుతుందనేది ఒకటి. అక్కడ దొరకనిది లోకంలోనే లేదనేది రెండోది. మొదటిది వట్టి అతిశయోక్తి, దానివల్ల పెద్ద ప్రమాదం లేదు. రెండోది సిద్ధాంతం. దాన్నెవరూ నోరు తెరిచి ప్రతిపాదించరు, అందరూ ఆచరిస్తారు. పరిశోధక విద్యార్థి ఒక వూరి పేరు కొట్టి చూస్తాడు. మొదటి పేజీలో కనిపించిన నాలుగు ఫలితాలూ చదువుతాడు. “ఈ విషయం మీద ఇంతవరకు కృషి జరగలేదు” అని సిద్ధాంతవ్యాసంలో రాసేస్తాడు. పర్యవేక్షకుడు కూడా అదే గడిలో అదే మాట కొట్టి చూసి తల వూపుతాడు. దాంతో ఒక ప్రాంతం, ఒక కులం, ఒక పోరాటం చరిత్రలో లేకుండా పోతుంది. ఎవరూ నిషేధించలేదు, ఎవరూ తగలబెట్టలేదు, దొరకలేదు, అంతే.

వెతకడమనేది కేవలం సాంకేతిక విషయమనీ, దాన్ని ఇంజనీర్లకు వదిలేసి మనం సాహిత్యం చూసుకోవచ్చుననీ అనుకునేవాళ్లు మన పక్షంలోనే చాలామంది వున్నారు. వారితోనే నా వాదన.

ఈ “దొరకలేదు గనక లేదు” అనే తర్కం కంప్యూటర్లతో పుట్టింది కాదు. 1930 ప్రాంతాల్లో నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒక పండితుడు తేల్చేశాడు. ఆయన అబద్ధమాడాడని నేననను. ఆయనకు అందిన గ్రంథాల్లో, ఆయన ఎరిగిన పండితగోష్ఠుల్లో ఈ ప్రాంతపు కవులు కనిపించలేదు. తన అలమర హద్దునే ఆయన లోకపు హద్దు అనుకున్నాడు. దానికి సమాధానం చెప్పినవాడు కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ మనిషి సురవరం ప్రతాపరెడ్డి. తాను 1926లో స్థాపించిన గోలకొండ పత్రిక ద్వారా వూరూరి నుంచి వివరాలు కోరి రాబట్టి, 1934లో “గోలకొండ కవుల సంచిక” వెలువరించాడు. అందులో 354 మంది కవులు తేలారు. సున్నా అన్నచోట మూడువందల యాభైనాలుగు!

ఈ కథను ప్రాంతీయాభిమానం కోసం మనం చాలాసార్లు చెప్పుకున్నాం. దాని అసలు పాఠం వేరే వుంది. ఆ 354 మందీ అంతకుముందూ వున్నారు. వారి పద్యాలు పెట్టెల్లో, అటకల మీద, బంధువుల నోళ్లలో వున్నాయి. లేనిదల్లా సూచి. ఫలానా వూళ్లో ఫలానావారి దగ్గర ఫలానాది వుందని చెప్పే జాబితా లేదు. సురవరం కవుల్ని పుట్టించలేదు, సూచిని పుట్టించాడు. పైగా ఒక్కడే కూర్చుని కాదు. చెదిరివున్న వందలాది మనుషుల చేత, ఎవరి దగ్గర వున్నది వారి చేతనే చెప్పించాడు. విశాలంగా చెదిరివున్న జాలంలో వెతకడమంటే ఇదే. ఇవాళ కంప్యూటరు శాస్త్రజ్ఞులు మల్లగుల్లాలు పడుతున్న సమస్య కూడా ఇదే.

నడిగడ్డ ముఖద్వారంలో కృష్ణ ఒడ్డున బీచుపల్లి వుంది. శ్రీనగరు నుంచి కన్యాకుమారికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి అక్కడే వంతెన మీద నది దాటుతుంది. ఆంజనేయస్వామి గుడి వుంది, పుష్కర ఘాట్లున్నాయి. ఈ వొక్క పేరును యంత్రంలో వెతకబోతే ఏమవుతుందో చూడండి.

ఇంగ్లీషు లిపిలో రాసేటప్పుడు ఒకరు చివర ‘ఐ’ పెడతారు, ఒకరు ‘వై’ పెడతారు. నడుమ ఒకరు రెండు ‘ఈ’లు వేస్తారు, మరొకరు ఒక్క ‘ఐ’తో సరిపెడతారు. తెలుగులో రాస్తే బీచుపల్లి, బీచుపల్లికి, బీచుపల్లిలో, బీచుపల్లినుంచి. మనకు ఇవన్నీ ఒకటే వూరు. నేర్పినవాడు లేకపోతే యంత్రానికి నాలుగు మాటలు. ఇంగ్లీషుకు విభక్తి వేరే మాటగా పక్కన నిలబడుతుంది, తెలుగుకు మాటను అంటిపెట్టుకునే వస్తుంది. పోతే ఆ స్వామి పేరు పెట్టుకున్న బీచుపల్లులు, బీచుపల్లయ్యలు పాలమూరు పల్లెల్లో కొల్లలు. వాళ్లలో ఎందరో కూలికోసం బొంబాయి దాకా పోయినవాళ్లు. వూరు కోసం వెతికితే మనిషి వస్తాడు, మనిషి కోసం వెతికితే గుడి వస్తుంది.

ఇదైనా అక్షరాలున్న చోట సంగతి. 1991 నాటి యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు అక్షరాలకు చోటు దొరికింది. అయినా ఆ తర్వాత చాలా యేళ్లు మన దినపత్రికలు ఇంటర్నెట్లో ఎవరి సొంత ఫాంటు వారు వాడుకున్నాయి. తెరమీద కనిపించేది తెలుగు. లోపల వుండేది లాటిన్ సంకేతాల గజిబిజి. ఆ సంవత్సరాల కరువు వార్తలు, రైతుల ఆత్మహత్యల వార్తలు ఆ గజిబిజిలో పడ్డాయి. ఇక డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వంటి పథకాల కింద ప్రజల సొమ్ముతో వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. అవి పుటల బొమ్మలు మాత్రమే. వాటి పేర్లను ఇంగ్లీషు లిపిలో తోచినట్టు ఎక్కించారు. సరైన పేరుతో వెతికినవాడికి ఆ పుస్తకం దొరకదు. తప్పు తెలిసినవాడికే దొరుకుతుంది.

అంచేత సెర్చ్ ఇంజను లోకాన్ని వెతకదు. మనం మాట కొట్టిన క్షణంలో అది కోట్ల కంప్యూటర్లు తిరిగి రావడం లేదు. ముందే లింకులు పట్టుకుని తిరిగి తయారుచేసి పెట్టుకున్న తన సొంత సూచిని తిరగేస్తుంది. సూచిలోకి ఏది ఎక్కాలి, ఎక్కినవాటిలో ఏది ముందు రావాలి అనేవే అసలు ప్రశ్నలు. ఆ రెండూ సాంకేతిక ప్రశ్నల వేషంలో వున్న రాజకీయ ప్రశ్నలు.

సెర్గీ బ్రిన్, లారీ పేజ్ అనే ఇద్దరు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు 1998లో తమ యంత్రాన్ని వర్ణిస్తూ వ్యాసం ప్రచురించారు. ఎక్కువ పేజీలు వేలెత్తి చూపిన పేజీ గొప్పది, గొప్ప పేజీ చూపినది ఇంకా గొప్పది అనేది వారి సూత్రం. నలుగురు పెద్దలు పలకరించినవాడే పెద్దమనిషి అనే మన పల్లెటూరి న్యాయమే అది. పనికొచ్చే సూత్రమే, కాదనను. కాని ఎవరూ పలకరించని పేదవాడి పేజీ గతి ఏమిటో దానికి పట్టదు. అదే వ్యాసం అనుబంధంలో ఆ ఇద్దరూ ఇంకొక మాట కూడా ఒప్పుకున్నారు. ప్రకటనల డబ్బుతో నడిచే సెర్చ్ ఇంజను స్వభావరీత్యానే ప్రకటనదారుల వైపు మొగ్గుతుందనీ, అంచేత పారదర్శకమైన యంత్రమొకటి విద్యారంగంలో వుండడం అవసరమనీ రాశారు. ఆ సంవత్సరమే కంపెనీ పెట్టారు. 2000 సంవత్సరం ముగియకముందే ప్రకటనల వ్యాపారం మొదలుపెట్టారు. వారి దుర్బుద్ధిని దుయ్యబట్టడం నా వుద్దేశం కాదు. పెట్టుబడి స్వభావం ముందు వ్యక్తుల విజ్ఞత ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి ఇంతకంటె మంచి సాక్ష్యం అక్కర్లేదు.

తర్వాతి కథ కోర్టు కాగితాల్లో వుంది. వెతుకులాటలో పక్షపాతం చూపినందుకు 2018లో మన కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు సుమారు 136 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఫోన్లలో, బ్రౌజర్లలో తన యంత్రమే ముందుండాలని ఆ కంపెనీ 2021 ఒక్క సంవత్సరంలోనే 2,630 కోట్ల డాలర్లు ఇతర కంపెనీలకు చెల్లించినట్టు అమెరికా కోర్టు విచారణలో బయటపడింది. 2024 ఆగస్టులో ఆ కోర్టు గూగుల్‌ను చట్టవిరుద్ధ గుత్తసంస్థగా తీర్మానించింది. 2025 సెప్టెంబరులో తీర్పు చెబుతూ కంపెనీని ముక్కలు చేయడానికి ఒప్పుకోలేదు గాని, సూచిలోని కొంత సమాచారాన్ని పోటీదారులకు ఇవ్వాలన్నది. పోటీదారులకే, ప్రజలకు కాదు! దొరతనం మారదు, దొరల సంఖ్య మాత్రం పెరగవచ్చు.

దీనికీ మన ప్రాంతానికీ సంబంధమేమిటంటారా? గద్వాల చీర కోసం వెతకండి. ముందు నిలబడేది డబ్బు కట్టిన దుకాణాల ప్రకటనలు. నూలు వొంటికి పట్టు అంచు జోడించి మగ్గం మీద నేసినవాడి పేరు ఎన్నో పుటకు గాని రాదు, అసలు రాకపోవచ్చు. నేతగాడికీ కొనేవాడికీ నడుమ వెనకటి షావుకారు వున్న చోటనే ఇప్పుడు సూచి కూర్చున్నది. 2024 నుంచి ఇంకొక మెట్టు ఎక్కింది: జాబితా కంటె ముందు యంత్రమే ఒక జవాబు అల్లి ఇస్తున్నది. ఇంతకాలం ఎక్కడ వెతకాలో వాళ్లు నిర్ణయించేవారు, ఇక ఏమి తెలుసుకోవాలో కూడా వాళ్లే నిర్ణయిస్తారు. సూచిలో లేనివాడు ఆ జవాబులో ఎట్లాగూ వుండడు.

ఇక్కడ మన మిత్రుల్లో ఒక వర్గం వుత్సాహంగా లేస్తుంది. “కేంద్రమే లేకుండా చేద్దాం. ప్రతి కంప్యూటరూ యజమానే, ప్రతి కంప్యూటరూ సేవకుడే. వికేంద్రీకరణే విముక్తి” అంటారు. వారి ఆవేశం నాకిష్టమే. కాని చరిత్ర చూడకుండా చేసిన వాదం అది.

బీచుపల్లిలో 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగాయి. అటువంటి జనంలో ఒక పిల్లవాడు తప్పిపోయాడనుకుందాం. వెతకడానికి మూడు పద్ధతులున్నాయి. ఒకటి: మైకు వున్న పందిట్లో ఒక పెద్ద పుస్తకం పెట్టి, దొరికిన పిల్లలందరి పేర్లూ అందులో రాయించడం. 1999లో పాటల పంపకానికి పుట్టిన నాప్‌స్టర్ చేసింది ఇదే. పాటలు జనం కంప్యూటర్లలోనే వున్నాయి, పుస్తకం మాత్రం పందిట్లో వుంది. 2001లో కోర్టు ఆ పందిరిని మూయించింది. పాటలన్నీ వున్నచోటనే వుండి కూడా దొరకకుండా పోయాయి. రెండు: పుస్తకం లేదు. పక్కవాణ్ణి అడుగు, వాడు వాడి పక్కవాణ్ణి అడుగుతాడు. 2000లో వచ్చిన న్యుటెల్లా ఇట్లా నడిచింది. ప్రశ్న అంతులేకుండా తిరగకుండా ఏడు అంగల్లో ఆగేట్టు సామాన్యంగా హద్దు పెట్టేవారు. ఫలితమేమిటి? ఘాటంతా కేకలతో నిండిపోతుంది, ఎనిమిదో మనిషి దగ్గర వున్న పిల్లవాడు మాత్రం దొరకడు. మూడు: పేరును బట్టి ఘాటు నిర్ణయించడం. ఫలానా పేరుగల పిల్లవాడు దొరికితే ఫలానా ఘాటు దగ్గర చెప్పాలి, వెతికేవాడూ అక్కడికే పోవాలి. 2001లో కోర్డ్, పేస్ట్రీ వంటి పేర్లతో శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన పద్ధతి ఇది. అద్భుతమైనది, పది లక్షల కంప్యూటర్లున్నా సుమారు ఇరవై అంగల్లో గమ్యం చేరుస్తుంది. కాని ఒక చిక్కుంది. పేరు అక్షరం పొల్లుపోకుండా చెప్పాలి. తండ్రి ‘బీచుపల్లి’ అంటాడు, పిల్లవాడు ‘బీచుగాడు’ అంటాడు. ఆ రెండు పేర్లకూ ఘాట్లు వేరు. ఇద్దరూ సాయంత్రం దాకా చెరొక ఘాటు దగ్గర కూర్చుని ఏడుస్తారు.

ఈ మూడు పద్ధతులూ తెలుసుకుంటే సంగతి స్పష్టపడుతుంది. కేంద్రం వుంటే దాన్ని ఆక్రమించవచ్చు, మూయించవచ్చు. కేంద్రం లేకపోతే పేర్ల మీద ఉమ్మడి ఒప్పందం కావాలి. బీచుపల్లీ బీచుగాడూ ఒకడేనని ఎవరో కూర్చుని రాసిపెట్టాలి. ఆ పని యంత్రం తనంతట చేయదు. అది మానవ శ్రమ, చదువుకున్నవాడి శ్రమ, ఆ వూరు తెలిసినవాడి శ్రమ. జర్మనీలో 2003లో మొదలైన యాసీ అనే పంపిణీ సెర్చ్ ఇంజను ఎవరి కంప్యూటరులో వారు సూచిలో కొంత భాగం మోయాలన్నది. ఎంతో ఉదాత్తమైన ఆలోచన. అయినా గుత్తసంస్థను కదిలించలేకపోయింది. ఎందుకంటే తీగెలు చెదిరివున్నంత మాత్రాన అధికారం చెదరదు. భూమిని చిన్న కమతాలుగా పంచి, నీళ్లూ విత్తనాలూ అప్పూ షావుకారు చేతిలోనే వుంచితే ఏమవుతుందో పాలమూరు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

“అయితే సర్కారు చేతికి ఇద్దామా?” అని ఇంకొక వర్గం అడుగుతుంది. సర్కారు బాధ్యత తప్పించుకోడానికి వీల్లేదు. కాని సర్కారు చేతిలోనే వొదిలేయడానికి కూడా వీల్లేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైట్లు తర్వాత మూతబడ్డాయి. ఆ పుస్తకాల్లో చాలాభాగానికి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నకళ్లు వుండబట్టి మనకు మిగిలాయి. ప్రజల సొమ్ముతో చేసిన పని విదేశపు స్వచ్ఛంద సంస్థ అటక మీద బతికి బట్టకట్టింది!

సర్కారుకు ఏది వెతికి పెట్టుకోవాలో ఏది మరిచిపోవాలో బాగా తెలుసు. శ్రీశైలం జలాశయం కింద 1981 నాటికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద గ్రామాలు ఖాళీ అయ్యాయి. మునిగిపోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. మంచి పని, మెచ్చుకోవలసిందే. రాతికి కొత్త చిరునామా దొరికింది. మనిషి సంగతి? నిర్వాసిత కుటుంబానికొక వుద్యోగమని 1986లో 98వ నంబరు జీ.వో. వచ్చింది. ఆ జీ.వో. కింద తమ హక్కు రుజువు చేసుకోడానికి ఒక తరం కాగితాల వెంట తిరిగి ముసలిదైంది. మునిగిన వూరి పేరు, సర్వే నంబరు, తండ్రి పేరు, మూడూ ఒకచోట పలికే బహిరంగ సూచి వుంటే ఆ తిరుగుడు ఎంత తగ్గేదో ఆలోచించండి. దొరకకపోవడం పరిశోధకుడికి అసౌకర్యం మాత్రమే, నిర్వాసితుడికి అది కూడు.

కనక మనం కోరవలసినదేమిటి, చేయవలసినదేమిటి?

మొదటిది, సూచి ఉమ్మడి ఆస్తి కావాలి. ఇది గాలిమాట కాదు. ఐరోపాలో 14 సంస్థలు 2022లో చేతులు కలిపి బహిరంగ సూచి నిర్మాణం మొదలుపెట్టాయి. తెలుగు మాట్లాడేవాళ్లు ఎనిమిది కోట్ల పైచిలుకు. మనకు రెండు రాష్ట్రప్రభుత్వాలు, పదుల సంఖ్యలో విశ్వవిద్యాలయాలు వున్నాయి. సొంత భాష సూచిని ఎవరైనా వాడుకునే, ఎవరైనా నకలు తీసుకునే, ఎవరైనా తప్పు పట్టే పద్ధతిలో తయారుచేయడం వీరికి అసాధ్యమంటే నేను నమ్మను. నకళ్లు పదిచోట్ల వుండాలి. అప్పుడు ఒక పందిరి మూసినంత మాత్రాన పిల్లవాడు పోడు.

రెండోది, ప్రజల సొమ్ముతో స్కాన్ చేసిన ప్రతి తెలుగు పుటా బొమ్మగా కాక అక్షరాలుగా బయటికి రావాలి. పుస్తకాల పేర్లు తెలుగు లిపిలో వుండాలి. జలాశయాల కింద మునిగిన గ్రామాల రికార్డులు మొట్టమొదట రావాలి.

మూడోది, మనం చేయవలసిన పని. ఉపాధ్యాయులున్నారు, విద్యార్థులున్నారు, మన సంఘానికి శాఖలున్నాయి. ఒక్కొక్క శాఖ ఒక్కొక్క మండలం తీసుకుని వూళ్ల పేర్లు, వాటి పాతపేర్లు, పలుకుబడులు, ఇంగ్లీషు రాతలోని వంకరలు జాబితా రాసి బయటపెట్టాలి. ఎవరి ఇంట్లో ఏ పత్రిక వుందో, ఏ కరపత్రం వుందో రాయాలి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు విద్యార్థులు ఒక సెలవుల కాలంలో చేయగల పని ఇది. ఇందుకు కావలసింది కంప్యూటరు శాస్త్రంలో పట్టా కాదు, ఆ వూరి భాష.

“ఇంత చేసినా గూగుల్ ముందు నిలుస్తుందా?” అని నిరాశావాదులు అడుగుతారు. నిలవడం, గెలవడం తర్వాతి మాట. ముందు “లేదు” అనే తీర్పును సవాలు చేయగల సాక్ష్యం మన చేతిలో వుండాలి. సురవరం దగ్గర యంత్రం లేదు, ఒక పత్రికా తపాలా మాత్రం వున్నాయి.

అయితే ఆ మహానుభావుడి పనికి కూడా హద్దుంది. అది చెప్పకపోతే విమర్శ కాదు, పూజ అవుతుంది. గోలకొండ కవుల సంచిక పద్యం రాసినవాళ్ల సూచి. పత్రిక అందినవాళ్లు, వుత్తరం రాయగలవాళ్లు చెప్పినదే అందులోకి ఎక్కింది. నాటుకాలంలో పాట కట్టిన కూలితల్లిని దాని వొరవడిలో వెతకడం వృథా. ప్రతి సూచీ ఒక గీత గీస్తుంది. గీతకు బయట కొందరు నిలబడతారు. తన గీత ఎక్కడుందో చెప్పుకునే సూచి ప్రజాస్వామికమైనది. గీతను దాచిపెట్టి “ఇదే లోకం” అనే సూచి నియంతృత్వం.

ఇకమీదట మన విద్యార్థి ఎవరైనా “దొరకలేదు” అని వస్తే, మనం మూడు ప్రశ్నలు వేయాలి. ఎవరి సూచిలో వెతికావు? ఏ పేరుతో వెతికావు? ఆ సూచి రాసేటప్పుడు ఆ వూరివాణ్ణి ఎవరైనా అడిగారా? ఈ మూడింటికీ జవాబు చెప్పలేనివాడికి “లేదు” అనే హక్కు లేదు. “నేను చూడలేదు” అనే హక్కు మాత్రమే వుంది.